ముకుందం ఎంచిన ఆట

కాకినాడలో ముకుందం అనే ఒకతను ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఏ పనికైనా అన్నిటికన్నా సరైన పద్ధతి దొరికేదాకా ఆ పని మొదలుపెట్టేవాడు కాదు. గొడుగు కొనాలంటే పది దుకాణాలు తిరిగేవాడు. ఈలోగా వానాకాలం వెళ్లిపోయేది. సర్వే ఆఫీసులో నక్షలు గీయడం అతని ఉద్యోగం. అక్కడ ఈ గుణాన్ని జాగ్రత్త అనేవారు, మెచ్చుకునేవారు కూడా. ఆ మెచ్చుకోలే అతన్ని చెడగొట్టింది.

అతనికి డిగ్రీ నాటి నుంచి ఇద్దరు స్నేహితులు. గౌరీపతి బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పేవాడు. వాడి గొంతు ఖంగుమని మోగేది. నిద్రపోతున్న ప్రయాణికుడు కూడా లేచి సంచి సర్దుకునేవాడు. నసీమా జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. ఆమెది ముక్కుసూటి నోరు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ రామారావుపేటలో ముకుందం ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ చేరి కథల ఆట ఆడేవారు. ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇందులో బోర్డు ఉండదు, పావులు ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలో పాత్ర పట్టుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏమంటుందో నోటితో చెబుతారు. గెలుపో ఓటమో తేలనప్పుడు పాచికలు వేస్తారు. ఏ పాచిక ఎప్పుడు వెయ్యాలో చెప్పడానికి లావుపాటి రూల్సు పుస్తకాలుంటాయి. ఒక్కో రకం కథకు ఒక్కో పుస్తకం నప్పుతుంది. కథ నడిపేది ముకుందం కాబట్టి పుస్తకం ఎంచే పనీ అతనిదే.

ఒక ఆదివారం గౌరీపతి బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు పాచిక చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. రెండు నెలలుగా వాడి గొంతు బొంగురుగా ఉంది. మైకులో అరిచి అరిచి అలా అయిందని అందరూ నవ్వి ఊరుకున్నారు. ఆ రోజు మాత్రం వాడు నవ్వలేదు.

"విశాఖపట్నం వెళ్లొచ్చానురా. గొంతులో కాన్సరంట. స్వరపేటిక మొత్తం తీసేస్తారంట. ప్రాణానికి ఫరవాలేదన్నారు. మాటే ఉండదు" అన్నాడు.

నసీమాయే తేరుకుని అడిగింది. "ఎప్పుడు?"

"ఇవాళ కాక ఇంకా నాలుగు ఆదివారాలున్నాయి. నాలుగో ఆదివారం సాయంత్రం బస్సెక్కాలి. మర్నాడు చేర్చుకుంటారు." వాడు పాచికను బల్ల మీద పెట్టాడు. "ఈలోగా నాకో కోరిక ఉందిరా. ఒక్క అనిమే కథ ఆడాలి."

అనిమే అంటే జపాను వాళ్ల బొమ్మల కథలు. ముగ్గురికీ పిచ్చి. వాటిలో వీరుడు ఆరుసార్లు చావుదెబ్బ తిని కింద పడతాడు. ఏడోసారి లేస్తాడు. తను కొట్టబోయే దెబ్బకు తానే ఒక పేరు పెట్టుకుని, ఆ పేరు దిక్కులు అదిరేలా అరుస్తాడు. దాంతో కథ తిరిగిపోతుంది.

"నా వాడు పడవవాడు. గోదావరి మీద రేవు దాటిస్తుంటాడు. చిన్నప్పుడు ఓ తుఫానుని మింగేశాడు. ఎవడెంత కొట్టినా నోరు తెరవడు. తెరిస్తే తుఫాను బయటికొచ్చేస్తుంది కదా! ఆఖరికి ఒక్కసారి పేరు పెట్టి అరుస్తాడు. అంతే, ఇంక చూస్కో" అన్నాడు గౌరీపతి. చెబుతుంటే వాడి కళ్లు మెరిశాయి.

"ఏమిటా పేరు?" అంది నసీమా.

"చెప్పను. అప్పుడే అరుస్తాను. ఉన్నదంతా పెట్టి అరవాలి. దాచుకుని ఏం చేస్తాను?"

నసీమా వెంటనే పాచికల డబ్బా ముందుకు జరిపింది. "సరే, పాత పుస్తకంతోనే ఇప్పుడే మొదలెట్టేద్దాం."

ముకుందం ఒప్పుకోలేదు. "అది గుహల్లో దూరి నిధులు తెచ్చుకునే కథలకు రాసిన పుస్తకం. అందులో రెండు బాణాలు తగిలితే మనిషి పోతాడు. అనిమే కథకు అది నప్పదు. వీడి కథ అల్లాటప్పాగా నడపమంటావా? ఒక్క వారం ఇవ్వండి. సరైన పుస్తకం తెస్తాను."

ప్రేమతోనే అన్నాడు. నేనెందుకు కాదంటాను? కానీ ప్రేమ ఉంది కదా అని గడియారం ఆగుతుందా?

మొదటి ఆదివారానికి ముకుందం ఒక కొత్త పుస్తకం తెచ్చాడు. దానిలో దెబ్బ ఏ ఎముకకు తగిలిందో కూడా లెక్కుంటుంది. ముగ్గురూ కూర్చుని పాత్రల కాగితాలు రాసుకున్నారు. తీరా మొదలుపెట్టబోయే ముందు ముకుందం తల అడ్డంగా ఊపాడు. వారమంతా ఆఫీసు నుంచి రాగానే తనతో తానే పది ఉత్తుత్తి పోట్లాటలు ఆడి చూశాడట. ఏడింటిలో పడవవాడు రేవులోనే చచ్చిపోయాడట.

"ఇది పనికిరాదు. పాత్రలు రాస్తే ఏమైనా కుదురుతుందేమో అనుకున్నాను. ఇంకో వారం."

గౌరీపతి తను రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరేరా" అన్నాడు. ఆ మాట సగం గాలిగా వచ్చింది.

రెండో ఆదివారం ఇంకో పుస్తకం వచ్చింది. అది పల్చగా, హాయిగా ఉంది. దానిలో పాచికల పని తక్కువ, అంతా మాటలతోనే తేలుతుంది. పాత్రలు మళ్లీ రాశారు. ఈసారి పడవవాడికి తల్లినీ, శత్రువునీ, ఒక భయాన్నీ రాయాల్సి వచ్చింది. భయం అన్నచోట గౌరీపతి చాలాసేపు ఆలోచించి ఖాళీగా వదిలేశాడు. అంతా అయ్యాక ముకుందం పెదవి విరిచాడు.

"ఇందులో దెబ్బకు బరువు లేదు. అడిగిందల్లా జరిగిపోతే గెలిచినట్టుంటుందా?"

నసీమాకు ఒళ్లు మండింది. "ఏం మనిషివయ్యా! ఇల్లు కాలుతుంటే బావికి వాస్తు చూస్తున్నావు. ఏదో ఒకటి పట్టుకుని కూర్చో."

"నిదానమే ప్రధానం అన్నారు."

"ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు. అది నీ చెవిన పడలేదా?"

"గొడవెందుకే?" అన్నాడు గౌరీపతి. "వాడు నా కోసమే కదా చూస్తున్నాడు."

ఆ వారంలోనే బస్టాండు వాళ్లు వాణ్ని మైకు దగ్గర్నుంచి తప్పించి విచారణ కౌంటరులో కూర్చోబెట్టారు. అడిగినవాళ్లకు వాడు వేలితో ప్లాట్‌ఫారం చూపించేవాడు.

మూడో ఆదివారం నాటికి ముకుందానికి దొరకవలసినది దొరికింది. ఆ పుస్తకం అచ్చంగా అనిమే కథల కోసమే రాసింది. పడినవాడు లేచిన కొద్దీ బలం పెరుగుతుంది. నేస్తాల మీద ప్రేమకు కూడా పాచికలుంటాయి. అన్నిటికన్నా మించిన రూలు ఒకటుంది. ఆడేవాడు తన దెబ్బ పేరును నిజంగా, గట్టిగా, తన నోటితో అరిస్తే రెండు పాచికలు ఎక్కువ వేసుకోవచ్చు. ఆ పేజీ చదివి ముకుందం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గౌరీపతి కోసమే ఎవరో రాసినట్టుంది.

అయినా ఆ ఆదివారం ఆట మొదలు కాలేదు. ఇంకో రెండు పుస్తకాలు చూసి ఖాయం చేస్తానన్నాడు. ఎందుకు ఆగాడో అతనికే సరిగ్గా తెలియదు. అడిగితే రూల్సు గురించి చెప్పేవాడు. లోపల మాత్రం ఒక పిచ్చి లెక్క నడుస్తోంది. పుస్తకం ఖాయమైతే ఆట మొదలవుతుంది. మొదలైతే ముగుస్తుంది. ముగిస్తే మిగిలేది ఆసుపత్రే. ఎంచుతున్నంతసేపూ ఏదీ జరగదు. గౌరీపతి బల్లకు అటువైపు కూర్చునే ఉంటాడు, ఆట రాబోతూనే ఉంటుంది. ముకుందం వెతికింది పుస్తకాన్ని కాదు, ఆ ఆదివారాలు అయిపోకుండా ఉండే ఉపాయాన్ని. అలాంటి ఉపాయం ఏ పుస్తకంలోనూ లేదు.

నాలుగో ఆదివారం వచ్చింది. గౌరీపతి ప్రయాణపు సంచితోనే వచ్చాడు. అయిదున్నరకు బస్సు. ముకుందం ఆఖరికి ఆ అనిమే పుస్తకాన్నే బల్ల మీద పెట్టి, రాత్రి ఇస్త్రీ చేయించిన చొక్కాలా నిమురుతూ, ఒక్కో అధ్యాయమూ వివరించడం మొదలుపెట్టాడు. ఈ ఆటగాళ్లలో ఒక అలవాటు ఉంది. కొత్త పుస్తకం పట్టుకున్నప్పుడు మొదటి రోజు ఆట ఆడరు. ఆ రోజంతా పాత్రలు తయారు చేసుకోవడానికీ, రూల్సు తెలుసుకోవడానికీ కేటాయిస్తారు. ఏళ్ల తరబడి ఆడబోయేవాళ్లకు అది మంచి అలవాటే. గౌరీపతికి ఉన్నవి రెండున్నర గంటలు. ముకుందం అలవాటు తప్పలేదు.

మూడు కొట్టింది. నాలుగు కొట్టింది. పడవవాడి బలం రాశారు, వేగం రాశారు. నసీమా ఆడబోయే గుర్రాలమ్మాయి పాత్రకు గుర్రం పేరు కూడా రాయవలసి వచ్చింది.

"ఒక్క పోట్లాట ఆడదాంరా. ఒక్కటే" అన్నాడు గౌరీపతి. వాడి మాట వినడానికి ముకుందం ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఇదిగో, అయిపోయింది. నేస్తాల ప్రేమను లెక్కగట్టే బంధాల పట్టిక ఒక్కటే మిగిలింది. దాన్ని బట్టే నీ అరుపుకు మొత్తం ఎన్ని పాచికలో తేలుతుంది. అది లేకుండా మొదలెడితే తప్పు పడుతుంది."

"పడనీరా."

"ఇన్నాళ్లు ఆగి ఇప్పుడు తప్పుగా ఆడతామా?"

నసీమా కలం విసిరికొట్టింది. "గౌరీ, నువ్వు ఇక్కడే అరిచెయ్యి! వీడి పట్టికలు గోదాట్లో కలవనీ."

గౌరీపతి మెల్లిగా తల అడ్డంగా ఊపాడు. "ఊరికే ఎలా అరుస్తాను? పడవవాడు ఇంకా ఒక్క దెబ్బయినా తినలేదు కదే." తర్వాత గోడ గడియారం చూసి లేచాడు. సంచి భుజాన వేసుకున్నాడు. "పోనీలేరా. వచ్చాక ఆడదాం."

వచ్చాక ఏం ఆడతారో ముగ్గురికీ తెలుసు. వీధి మలుపు తిరిగేదాకా ముకుందం గుమ్మంలో నిలబడ్డాడు. ఆ క్షణంలో అతనికి కలిగినది దుఃఖం కాదు. ఇంకా ఏదీ ముగియలేదన్న ఊరట కలిగింది. ఆ ఊరటను తర్వాత ఎన్నడూ అతను క్షమించుకోలేకపోయాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నెలన్నర తర్వాత గౌరీపతి తిరిగి వచ్చాడు. చిక్కిపోయాడు. మెడ ముందు చిన్న తెల్లగుడ్డ కట్టుకున్నాడు. ఆ గుడ్డ కింద ఉన్న రంధ్రంతోనే ఇప్పుడు ఊపిరి పీలుస్తున్నాడు. చేతిలో పలక, చాక్‌పీసు ఉన్నాయి. రమ్మని ముకుందమే కబురు పెట్టాడు. పట్టికలన్నీ నింపి, పాచికలు వరుసగా పేర్చి, బల్ల సిద్ధం చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఆట మొదలైంది. ముకుందం జన్మలో ఎన్నడూ నడపనంత బాగా కథ నడిపాడు. రేవు కళ్లకు కట్టింది. రాకాసి పడవల దండు వచ్చింది. పడవవాడు ఒక దెబ్బ తిన్నాడు, రెండు తిన్నాడు. గౌరీపతి పలక మీద రాస్తూ, వేళ్లతో చూపిస్తూ ఆడాడు. ఆరోసారి పడ్డాడు, ఏడోసారి లేచాడు. పుస్తకం ఎంత మంచిదో అప్పుడు తెలిసింది. అందులో ఒక్క రూలూ అడ్డం పడలేదు.

"లేచాడు! ఇప్పుడు..." అన్నాడు ముకుందం. అలవాటుకొద్దీ అన్నాడు. అని ఆగిపోయాడు.

గౌరీపతి కూడా అలవాటుకొద్దీ లేచి నిలబడ్డాడు. ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాడు. నోరు పెద్దగా తెరిచాడు. మెడ దగ్గరి గుడ్డ ఒకసారి పైకి లేచి పడింది. గాలి బుస్సుమంది. అంతే. నసీమా మొహం కొంగులో దాచుకుని ఏడ్చింది.

ముకుందం పలక తీసి వాడి చేతికిచ్చాడు. "రాయరా. ఆ పేరు రాయి. నీ బదులు నేను అరుస్తాను. ఊరంతా వినేట్టు అరుస్తాను."

గౌరీపతి చాక్‌పీసు పట్టుకుని పలక వంక చూశాడు. తర్వాత రాసి ఇటు తిప్పాడు. "అది రాసేది కాదురా" అని ఉంది. కోపం లేదు వాడి మొహంలో. ఉంటే బాగుండును. పాచికలు ఒక్కొక్కటే డబ్బాలో వేసి, మూత పెట్టి, ముకుందం ముందుకు జరిపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆదివారాలు ఎవరూ రాలేదు.

ముకుందం ఫోనులో గౌరీపతి గొంతు ఇంకా ఉంది. ఆ నాలుగు వారాల్లో వాడు పంపిన చిన్న చిన్న మాటల సందేశాలు. అతను అప్పుడప్పుడు వాటిని పెట్టుకుని వింటాడు. ఒక్కోదానికీ గొంతు సన్నబడుతూ వస్తుంది. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే మాట. "ఏరా, ఈ ఆదివారమైనా మొదలెడదామా?"

అందుచేత, సరైన పద్ధతి కోసం మనిషిని ఆపకూడదు. మంచి పద్ధతి రేపైనా దొరుకుతుంది గానీ, ఇవాళ్టి మనిషి రేపు దొరకడు.