జాబితాలో ఏడో పేరు

ఓబులేసుకు తిప్పేస్వామి మీద అనుమానం పుట్టింది. పుట్టి మూడు వారాలైంది. మొదట్లో వచ్చిపోతూ ఉండేది, ఇప్పుడు అన్నం ముందు కూర్చున్నా వదలడం లేదు.

ఇద్దరూ పీరా ఉస్తాద్ శిష్యులే. ఉస్తాద్ ముప్పై ఏళ్ళు ఓడల్లో రేడియో ఆపరేటరుగా చేసి, ఉరవకొండ పక్కన సొంత ఊరు చేరి, ఇంటి వెనక గుట్ట మీదికి పొడుగాటి ఏరియల్ తీగ లాగి కూర్చున్నాడు. తక్కువ ఫ్రీక్వెన్సీలో, టార్చిలైటు బల్బు కూడా సరిగ్గా వెలగనంత శక్తితో సంకేతం పంపితే ఎంత దూరం పోతుందో చూడటం ఆయనకు ఇష్టం. సరదాకు నడిపే హ్యామ్ రేడియోకు లైసెన్సు ఉన్నవాళ్ళు మరో అయిదుగురు ఆయన చుట్టూ చేరారు. వాళ్ళలో ఓబులేసు గుంతకల్లులో పాలిటెక్నిక్ మాస్టరు. తిప్పేస్వామికి రాయదుర్గంలో సైకిల్ షాపు. ఇద్దరి ఊళ్ళూ ఉస్తాద్ ఇంటికి ఇంచుమించు ఒకే దూరం.

ఎండాకాలం చివర్లో ఉస్తాద్ వాళ్ళిద్దరికీ ఒక పని అప్పగించాడు. పగటిపూట తాను రెండు పద్ధతుల్లో సంకేతం పంపుతాడు. ఒకటి నత్తనడక మోర్సు, అంటే అక్షరాలను చుక్కలూ గీతలుగా పంపడం. అందులో ఒక్క చుక్కకు అర నిమిషం పడుతుంది, మొత్తం పూర్తయ్యేసరికి చాయ్ చల్లారిపోతుంది. కంప్యూటరు తెర మీద అది సన్నటి గీతలుగా పడితే మనిషి కంటితో చదువుకోవాలి. రెండోది మిషను పద్ధతి. పంపిందే మళ్ళీ మళ్ళీ పంపితే ప్రోగ్రాము అంతా కూడుకుని, గరగరలోంచి కాల్‌సైన్‌ను ఏరి తెర మీద వేస్తుంది. కాల్‌సైన్ అంటే ప్రతి రేడియో మనిషికీ సర్కారు ఇచ్చిన పేరు.

ఏది మేలో మూడు నెలలు రాసి చూపించమన్నాడు ఉస్తాద్. ఏ రోజు పంపేదీ, ఏ రోజు మానేసేదీ మాత్రం చెప్పనన్నాడు.

మూడు నెలలూ అయ్యాయి. ఇద్దరూ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే రాతలు ఉత్తర దక్షిణాలు. ఓబులేసు పుస్తకంలో మిషను దాదాపు రోజూ పట్టింది, కన్ను పట్టింది తక్కువ. తిప్పేస్వామి పుస్తకంలో కన్ను చాలాసార్లు పట్టింది. మిషను చాలాచోట్ల 'ఏమీ రాలేదు'.

పదో తరగతితో చదువు ఆపేసినవాడు, పంక్చర్లు వేసుకునేవాడు, వాడి కళ్ళకు అంత కనపడుతుందా? ఓబులేసుకు అక్కడ మొదలైంది. తరవాత అన్నీ దానికే సాక్ష్యాలయ్యాయి. తిప్పేస్వామి పుస్తకమంతా ఒకే సిరా. అంటే ఒకే రోజు కూర్చుని రాసేశాడు. ఫోను చేస్తే ఆలస్యంగా ఎత్తుతాడు. అంటే తప్పించుకుంటున్నాడు. మొన్న నవ్వుతూ మాట్లాడాడు. అదైతే మరీ అనుమానం.

గురువారం పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని ఉస్తాద్ ఇంటికి వచ్చాడు.

"ఏమప్పా, మీటింగు ఆదివారం కదా?"

"ఆదివారం లోపలే తేలాల ఉస్తాద్. తిప్పేస్వామి దొంగరాతలు రాస్తా ఉన్నాడు."

జేబులోంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు. తిప్పేస్వామి అబద్ధాలు రాశాడనీ, గుంపులోంచి తీసేస్తున్నామనీ, ఇక ఎవరూ అతనితో రేడియోలో మాట్లాడొద్దనీ అందులో ఉంది. కింద ఉస్తాద్ సంతకానికి చోటు వదిలాడు. భార్య పోయాక తిప్పేస్వామికి సాయంత్రాలు మాట్లాడే మనుషులంటూ ఉన్నది ఈ గుంపే. ఆ సంగతి ఓబులేసుకూ తెలుసు. తెలిసే రాశాడు.

ఉస్తాద్ ఉత్తరం రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టలేదు, చింపలేదు.

"రుజువేమప్పా?"

ఓబులేసు అందుకోసమే కాచుకున్నాడు. "జూన్ పన్నెండు చూడండి. పదకొండు గంటలకు నా మిషను మీ కాల్‌సైన్ పట్టింది. ఆయప్ప పుస్తకంలో అదే గంటకు ఏమీ రాలేదని రాసినాడు. మిషను ఆన్ చేసింటే కదా వచ్చేది! షాపులో కూర్చోని, ఇష్టమొచ్చింది రాసుకున్నాడు. మిషనుకు ఆశ ఉండదు ఉస్తాద్. కన్ను అట్ల కాదు, కావాలనుకున్నదే చూస్తాది."

"ఆ మాట నిజమే," అన్నాడు ఉస్తాద్. "నీ మిషను ఒకసారి చూపించు."

గుట్ట మీది నుంచి వచ్చే తీగను ఓబులేసు తన పెట్టెకు తగిలించాడు. అంతలో ఉస్తాద్ మీద కూడా చిన్న అనుమానం వచ్చింది. తిప్పేస్వామి అంటే ఈయనకు మొదటి నుంచీ ముద్దు. లేచి వెళ్ళి, ఉస్తాద్ సంకేతం పంపే పెట్టె ఆపి ఉందో లేదో తన చేత్తోనే చూసుకుని వచ్చాడు. ఆపే ఉంది. ఉస్తాద్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"గుంతకల్లులో అంత రైల్వే కరెంటు గోల కదా. ఎట్ల పడతాది దీనికి?"

"అందుకే కదా ఉస్తాద్, దీంట్లో ఒక జాబితా ఉంది." ఓబులేసు తెర మీద చూపించాడు. "మన ఆరుగురి కాల్‌సైన్లు ముందే రాసి పెట్టినా. సంకేతం మరీ సన్నగా ఉంటే, వచ్చింది ఈ ఆరింటిలో దేనికి దగ్గరగా ఉందో చూసుకోని అదే వేస్తాది. ఎంత దగ్గరుంటే చాలు అనేదానికి ఒక హద్దు ఉంది. దాన్ని నేనే బాగా కిందికి దించినా. ఇంక ఏదీ తప్పించుకోలేదు."

"భలే. అయితే ఇంకొక కాల్‌సైన్ రాయి." ఉస్తాద్ ఒక్కో అక్షరమే చెప్పాడు. ఓబులేసు ఏడోదిగా దాన్ని చేర్చాడు.

"ఎవురిది ఉస్తాద్?"

"ఆదోని విరూపాక్షిది. చూద్దాం, వస్తాడేమో."

గంట గడిచింది. ఏమీ రాలేదు. ఉస్తాద్ భార్య టిఫినుకు బొరుగుల ఉగ్గాని పెట్టింది. ఓబులేసు తింటూనే ఒక కన్ను ల్యాప్‌టాప్ మీద, ఒక కన్ను ఉస్తాద్ చేతుల మీద ఉంచాడు. ఆ చేతులు ఉగ్గానిలోంచి పచ్చిమిరపకాయలు ఏరి పక్కన పెట్టడం తప్ప ఏమీ చేయలేదు. ఆ రోజు మిషను ఏమీ వేయకపోయి ఉంటే ఉస్తాద్ ఏం చేసేవాడో నాకు తెలియదు. మధ్యాహ్నం భోజనానికి కూడా ఉండమనేవాడేమో.

పన్నెండు దాటాక తెర మీద ఒక వరస పడింది. ఓబులేసు కుర్చీలోంచి లేచాడు.

"వచ్చినాడు ఉస్తాద్! ఆదోని విరూపాక్షి! ఎంత సన్నగా ఉన్నా పట్టింది చూడండి. కంటికైతే ఇది జన్మలో కనపడదు." సంబరంగా పుస్తకం తెరిచి టైము రాసుకున్నాడు. "ఎంత పవరుతో పంపుతా ఉన్నాడు? ఫోను చేసి చెప్దామా ఆయప్పకు? సంతోషపడతాడు."

"ఫోను ఎవురికి చేస్తావప్పా," అన్నాడు ఉస్తాద్. "విరూపాక్షి పోయి పద్నాలుగేండ్లాయ. పాడెకు నేనూ ఒక భుజం పట్టినా."

ఓబులేసు చేతిలో పెన్ను అట్లే ఆగింది. ఆ కాల్‌సైన్ తెర మీద చక్కగా, తప్పు లేకుండా ఉంది.

జాబితా వైపు చూశాడు. హద్దు వైపు చూశాడు. రెండూ తను పెట్టినవే; వచ్చింది వట్టి గరగరే. పుస్తకంలో పేజీలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. జులై, జూన్. పన్నెండో తేదీ దగ్గర వేలు ఆగింది. అడగకుండా ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది. అయినా అడిగాడు.

"పన్నెండో తేదీ మీరు పంపినారా ఉస్తాద్?"

"ఆ పొద్దు కండ్లు చూపించుకుందామని బళ్ళారికి పోయింటి. పెట్టె ముట్టుకోలేదు."

తిప్పేస్వామి పుస్తకంలో ఆ రోజు ఏమీ రాలేదని ఉంది. ఏమీ రాలేదు కాబట్టి అట్లా రాశాడు.

ఓబులేసుకు సిగ్గేసింది. ల్యాప్‌టాప్ మూయాలని చెయ్యి చాచి, మూయలేక వెనక్కి తీసుకున్నాడు. మూడు వారాలుగా తిప్పేస్వామి సిరా, తిప్పేస్వామి ఫోను, తిప్పేస్వామి నవ్వు. ఒక్కటి కూడా తప్పిపోకుండా పట్టాడు.

"నీ జాబితాలో ఎన్ని పేర్లుండె నాయనా?" అన్నాడు ఉస్తాద్.

"మీరు చెప్పిందాంతో ఏడు."

ఉస్తాద్ ఉత్తరాన్ని బల్ల మీద నుంచి ఓబులేసు వైపు నెమ్మదిగా జరిపాడు.

"దీంట్లో?"

ఓబులేసు ఉత్తరం మీదికి వంగి చూశాడు.

"ఒకటే ఉస్తాద్."

"ఒకటేనా? అయితే నీ మిషనుకన్నా నీకే తొందరగా దొరికింటాది."