రిబ్కమ్మ నిద్ర

ఫిలేమోను ప్రసంగం మొదలుపెట్టిన పది నిమిషాలకల్లా చర్చిలో సగం మంది నిద్రలోకి జారుకునేవాళ్ళు. అతని బాధ అదీ.

బాధ అనడం మర్యాద కోసమే. నిజానికి అతనికి ఒళ్ళు మండిపోయేది. వేదాంత పాఠశాలలో ప్రసంగాల పోటీకి మొదటి బహుమతి తెచ్చుకున్నవాడు. వారమంతా కూర్చుని మూడు అంశాలు, ఒక్కో అంశానికి మూడు ఉపాంశాలు, మధ్యలో రెండు ఉదాహరణలు రాసుకుని, అద్దం ముందు నిలబడి రెండుసార్లు చెప్పుకుని మరీ వచ్చేవాడు. తీరా వచ్చి చూస్తే ఆడవాళ్ళ వైపు చాపల మీద తలలు ఒక్కొక్కటే వాలిపోతుండేవి. మగవాళ్ళు కాస్త నయం. వాళ్ళు గోడకి ఆనుకుని, ధ్యానంలో ఉన్నట్టు కళ్ళు మూసుకుని నిద్రపోయేవాళ్ళు.

అది పల్నాడులో మిరప పండే ఊరు. అక్కడి చర్చికి నలభై ఏళ్ళుగా కాపరి నతానియేలు గారు. ఊరంతా ఆయన్ని పెద్దయ్యగారు అంటారు. ఆయన దగ్గర ఏడాదిపాటు ఉండి పని నేర్చుకోమని ఫిలేమోనుని పంపించారు. వచ్చిన రోజు నుంచీ అతను చిన్నయ్యగారు అయ్యాడు. ఆయన ప్రసంగాలు కూడా నెమ్మదిగా ఇతని మీదికి వచ్చేశాయి.

నిద్ర వదిలించడానికి ఫిలేమోను చెయ్యని ప్రయత్నం లేదు. మైకు పెంచాడు. ఐదు నిమిషాలకోసారి "మీ పక్కవారికి వందనాలు చెప్పండి" అన్నాడు. పక్కవారు కూడా నిద్రలోనే ఉండటం వల్ల అది సాగలేదు. చివరికి ఒక చిన్న పుస్తకం పెట్టి, కునికేవాళ్ళ పేర్లు పెన్సిలుతో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఏ వారం చూసినా మొదటి పేరు రిబ్కమ్మదే.

రిబ్కమ్మకి యాభై దాటాయి. మిరప కోతల ముఠాకి ఆమె మేస్త్రి. పాతికమంది ఆడకూలీల్ని తెల్లవారుజామునే లేపి, ట్రాక్టరు ఎక్కించి, చేలోకి తీసుకెళ్ళి సాయంత్రం దాకా కాయ కోయించేది ఆమే. ఆదివారం అందరికన్నా ముందే చర్చికి వచ్చేది. ముందు వరసలో ఫ్యాను కింద కూర్చుని, బైబిలు ఒళ్ళో తెరిచి పెట్టుకునేది. ఫిలేమోను "ప్రియులారా" అనేసరికి ఆమె లోకంలో లేదు.

పోనీ, ఊరికే నిద్రపోయినా బాగుండేది. ఆమె నిద్రలోనే మధ్యమధ్య "స్తోత్రం" అనేది. ఒక ఆదివారం ఫిలేమోను గొంతు బొంగురుపోతుండగా యూదా తన గురువుని శత్రువులకి పట్టించిన ఘట్టం చెబుతున్నాడు. యూదా ముద్దుపెట్టుకున్నాడు అని చెప్పి ఒక్క క్షణం ఆగాడు. సరిగ్గా అక్కడ రిబ్కమ్మ "స్తోత్రం" అంది. మెలకువగా ఉన్న కొద్దిమందీ పగలబడి నవ్వారు. ఆ శ్రమంతా ఆ ఒక్క మాటతో నీళ్ళపాలైంది.

ఆ రోజే పెద్దయ్యగారి దగ్గర మొరపెట్టుకున్నాడు.

"మీరు ప్రసంగం చెప్పినప్పుడు కూడా ఆమె ఇలాగే నిద్రపోయేదా అండీ?"

"పోయేది."

"మరి మీరేం చేసేవారు?"

"నెమ్మదిగా మాట్లాడేవాణ్ణి."

ఇదేం జవాబో ఫిలేమోనుకి బోధపడలేదు. పెద్దయ్యగారితో ఎప్పుడూ ఇదే గోల. ఏది అడిగినా ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. ఆ ముక్కని ఎటు తిప్పి చూసినా పనికొచ్చేలా ఉండదు. ఇక లాభం లేదని, తన దారి తనే చూసుకున్నాడు.

మరుసటి ఆదివారం ఐతుకు కథ ఎత్తుకున్నాడు. పౌలు ఒకనాడు రాత్రి మేడగదిలో బోధిస్తున్నాడు. ఐతుకు అనే కుర్రాడు కిటికీలో కూర్చుని వింటూ వింటూ నిద్రపోయి, మూడో అంతస్తు నుంచి కింద పడి చచ్చిపోయాడు. ఫిలేమోను ఆ కుర్రాడు పడటాన్ని రెండు చేతులూ తిప్పుతూ చూపించాడు. వాక్యం దగ్గర నిద్రపోయేవాళ్ళకి ఏ గతి పడుతుందో చూశారా అన్నాడు. చూడవలసిన మనిషి చూడటం లేదు. తల ఒక పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతోంది.

ఇక ఆపుకోలేకపోయాడు. మైకులోనే పిలిచాడు.

"రిబ్కమ్మ గారూ, లేవండి. మన చర్చికి మేడ లేదు కాబట్టి బతికిపోయారు."

జనం గొల్లుమన్నారు. రిబ్కమ్మ ఉలిక్కిపడి లేచింది. అలవాటుగా "స్తోత్రం" అనబోయి, అందరూ తనవైపే చూస్తున్నారని గ్రహించి ఆగిపోయింది. చెంగు తల మీదికి లాక్కుంది. బైబిలు మూసి సంచిలో పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా బయటికి నడిచింది. ఫిలేమోను మూడో అంశం కూడా పూర్తిచేశాడు. ఆ రోజు మరెవరూ కునకలేదు. అతనికి చాలా తృప్తిగా అనిపించింది. అంత తెలివితక్కువ తృప్తి మనిషికి అరుదుగా దొరుకుతుంది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనకి రిబ్కమ్మ రాలేదు. ముప్ఫై ఏళ్ళలో ఆమె మానింది అదే మొదటిసారి. ఇక ఆ గుమ్మం తొక్కనని ముఠాలో అందరిముందూ చెప్పిందట. తప్పు తనదేనని ఆ సంగతి విన్నప్పుడే ఫిలేమోనుకి తెలిసింది. కానీ ఒప్పుకుంటే మొదటి బహుమతి ఏం కావాలి?

"నేనేమన్నానండీ? వాక్యమే గద్దించింది," అన్నాడు పెద్దయ్యగారితో.

ఆయన వసారాలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"ఆ కుర్రాడు పడ్డాక పౌలు ఏం చేశాడు?"

"కిందికి దిగి వెళ్ళి కౌగిలించుకున్నాడండి. ప్రాణం ఉంది, కంగారుపడకండి అన్నాడు."

"ఆ తరవాత?"

ఫిలేమోను మొహం వెలిగింది. "మళ్ళీ పైకెక్కి తెల్లారేదాకా బోధించాడండి."

పెద్దయ్యగారు కళ్ళజోడు పక్కన పెట్టి రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు. నలభై ఏళ్ళలో ఆయన చాలామందికి పని నేర్పారు. ఇంత కష్టం ఎప్పుడూ పడలేదు.

"రేపు పొద్దున్నే రా," అన్నారు. "పాత చొక్కా వేసుకో."

క్షమాపణ చెప్పించడానికి రిబ్కమ్మ ఇంటికి తీసుకెళ్తారేమో అనుకున్నాడు ఫిలేమోను. దానికి పాత చొక్కా ఎందుకో మాత్రం తెలియలేదు. అయినా నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు. తీరా వెళ్తే ఆయన నేరుగా కూలీల ట్రాక్టరు దగ్గరికి నడిచారు. రిబ్కమ్మ మనుషుల్ని లెక్క చూసుకుంటోంది.

"వందనాలయ్యగోరూ," అంది ఆయనకి. పక్కనున్న మనిషి ఆమెకి కనబడలేదు.

"ఇద్దరం కోతకి వస్తాం రిబ్కమ్మా."

"మీకేం ఖర్మయ్యగోరూ, ఈ ఎండలో?"

"ఇతనికి పని నేర్పాలి."

రిబ్కమ్మ అప్పుడు ఫిలేమోను చేతుల వైపు చూసింది. రెండు ఖాళీ సంచులు ఇచ్చింది.

చేను ఎర్రగా పండి ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో సాలు పంచింది రిబ్కమ్మ. ఫిలేమోనుకి తన పక్క సాలే ఇచ్చింది. అభిమానంతో కాదు, చేను పాడుచేస్తాడనే భయంతో. అతను కోసిన మొదటి గుప్పెడు చూసి సంచిలోంచి తీసి అవతల పోసేసింది.

"తొడిమతో కొయ్యండి. తొడిమ ఊడితే కాయ చెడిపోద్ది."

మళ్ళీ కోశాడు. సగం తొడిమలు చెట్టుకే ఉన్నాయి. మళ్ళీ పోసేసింది. మొదటి బహుమతి తెచ్చుకున్న మనిషి ఒక మిరపకాయ సరిగ్గా కోయలేకపోతున్నాడు. డెబ్బై ఏళ్ళ పెద్దయ్యగారు చూస్తుండగానే సగం సాలు దాటిపోయారు. ఆయన వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఫిలేమోనుకి ఆయన మీద కోపం వచ్చింది. ఎండ మీద, మిరప చెట్ల పొట్టితనం మీద కూడా వచ్చింది. నడుము నిటారుగా పెడితే కాయ అందదు, వంచితే మళ్ళీ లేవదు.

పదకొండు గంటలకి చెమట కంట్లోకి కారింది. చేత్తో తుడుచుకున్నాడు.

ఆ తరవాత కాసేపు అతనికి ఏమీ తెలియలేదు. సాలు మధ్యలో కూలబడి, మొహం మోకాళ్ళ మధ్య పెట్టుకుని మూలుగుతున్నాడు. ఎవరో గడ్డం పట్టుకుని తల పైకెత్తారు. చల్లటి నీళ్ళు కళ్ళ మీద పడ్డాయి.

"చెయ్యి మొహం దగ్గరికి తీసుకుపోమాకండి," అంది రిబ్కమ్మ. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు సీసాడూ పోసేస్తోంది.

ఇదే సమయం అనుకున్నాడు. "అమ్మా, ఆ ఆదివారం నేను..."

"కళ్ళు తెరవండి."

"నేనట్లా అనకుండా..."

"తెరవమంటే మూస్తారేందయ్యా? ఆ కన్ను. ఇంకోటి."

సిద్ధం చేసుకున్న నాలుగు మాటలూ ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయాయి. సాయంత్రం ట్రాక్టరు దిగాక అడిగాడు, రేపు చర్చికి వస్తారా అని.

"సబ్బు పెట్టి కడగమాకండి," అంది రిబ్కమ్మ. "ముందు నూనె రాసుకోండి."

ఆ మాట కూడా సరిగ్గా వింటే అతను ఫిలేమోను ఎందుకవుతాడు? శుభ్రత కోసం వేడినీళ్ళు, సబ్బు పెట్టి బాగా రుద్ది కడుక్కున్నాడు. మంట మోచేతుల దాకా పాకింది. కొబ్బరినూనె రాశాడు, మజ్జిగలో ముంచాడు, తడిగుడ్డ చుట్టుకున్నాడు. ఇటు తిరిగితే ఇటు మంట, అటు తిరిగితే అటు మంట. ఒక్క రోజు కోస్తే తనకిట్లా ఉంది. ఆ పాతికమంది సంక్రాంతి దాటినప్పటి నుంచీ వారానికి ఆరు రోజులు కోస్తున్నారు. రెప్ప వెయ్యకుండా పడుకుని ఆ లెక్క అతను చాలాసార్లు వేశాడు. పెన్సిలు పుస్తకం గుర్తొచ్చింది. సిగ్గుతో ఆ మంట ఇంకాస్త ఎక్కువైంది.

పొద్దున ప్రసంగం కాగితాలు పట్టుకుని చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చి చెప్పులు విడిచి లోపలికి వెళ్తున్నారు. ముఠాలో ఆడవాళ్ళందరూ వచ్చారు. రిబ్కమ్మ రాలేదు. ఫ్యాను కింద ఆమె చోటు అలాగే వదిలేసి, చుట్టూ సర్దుకుని కూర్చున్నారు. గంట కొట్టారు. ఇక రాదని అనుకుని వేదిక మీదికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ నుంచి వస్తున్న మనిషిని ఒక్క మాటతో పోగొట్టుకున్నాడు. దీన్ని ఏ అంశం కింద చెప్పాలి?

పెద్దయ్యగారు లేచి ప్రారంభ ప్రార్థన చేద్దాం అన్నారు. అందరితోపాటు ఫిలేమోను కూడా తల వంచి కళ్ళు మూసుకున్నాడు. "పరలోకమందున్న మా తండ్రీ" అనడం విన్నాడు.

కళ్ళు తెరిచేసరికి మెడ పట్టేసి ఉంది. చర్చి నిశ్శబ్దంగా ఉంది. ప్రార్థన ఇంకా అవుతోంది కాబోలు అనుకుని మళ్ళీ తల వంచబోయాడు. ఎదురుగా గోడ గడియారం కనబడింది. పన్నెండుంబావు.

ప్రార్థన మొదలైంది పదింటికి.

ఎవరూ వెళ్ళలేదు. చాపల మీద అందరూ కూర్చునే ఉన్నారు. డోలు వాయించే మనిషి చప్పుడు కాకుండా రెండు అరచేతులూ డోలు మీద ఆనించి పెట్టుకున్నాడు. పసిపిల్లల తల్లులు వరండాలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి కిటికీలోంచి చూస్తున్నారు. ఒక్కరు కూడా నవ్వడం లేదు. ఒక్కరికి కూడా కునుకు లేదు. ముందు వరసలో, తన చోట, రిబ్కమ్మ కూర్చుని ఉంది.

ఫిలేమోను చేతిలోంచి కాగితాలు జారి నేలమీద పడి ఉన్నాయి. వాటిని తీసుకోలేదు. పక్క కుర్చీలో ఉన్న పెద్దయ్యగారి వైపు తిరిగాడు.

"నన్నెందుకు లేపలేదండీ?"

"రెండుసార్లు లేపబోయాను," అన్నారు పెద్దయ్యగారు విసుగ్గా. "రిబ్కమ్మ లేపనివ్వలేదు."