తలెత్తి చదవాల్సిన బోర్డు

మీరు రోజూ పనికి పోయే చోట, మీ ప్రాణం కాపాడే మాట ఏ గోడ మీద రాసుందో చెప్పగలరా? దస్తగిరి అయితే తడుముకోకుండా చెప్పేవాడు. రాసింది తనే మరి.

అతను నూరుల్లా బాబా శిష్యుడు. గురువుగారు కట్టిస్తున్న సత్రానికి సున్నం కాల్చే బట్టీ అతని పెత్తనంలో నడుస్తోంది. "నీళ్లు పోసిన సున్నపు గుంట మీదికి వంగరాదు. కళ్లకు పల్చటి గుడ్డ కట్టుకోవాలి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, బట్టీ నుంచి గుంటకు పోయే గుమ్మం పైన ఎత్తుగా బిగించాడు. చూడవచ్చిన పెద్దమనుషులంతా భేష్ అన్నారు.

ఆ పొద్దున ఉడుకుతున్న సున్నం చింది, రాళ్లు మోసే అంకమ్మ చెంప కాలింది. కన్ను పోవడం వెంట్రుకవాసిలో తప్పింది.

దస్తగిరి ఆమెను బాబా ముందు నిలబెట్టాడు. "ఈమెను పనిలోంచి తీసేస్తాను బాబా. చదువొచ్చిన మనిషి. రోజుకు నలభై సార్లు ఆ బోర్డు కిందనుంచే పోతుంది. ఖాతరు చెయ్యకపోతే తప్పెవరిది?"

"బోర్డా? పైన ఉన్నది ఈ అయ్యగారి పేరేమో అనుకున్నా" అంది అంకమ్మ.

బాబా నవ్వలేదు. లేచి ఇద్దర్నీ బట్టీ దగ్గరికి తీసుకుపోయాడు. కాల్చిన రాళ్లు నిండిన తట్ట చూపించాడు.

"ఎత్తుకో నాయనా. గుంట దాకా నడువు. దారిలో నీ బోర్డు చదివి మాకు వినిపించు."

దస్తగిరి నెత్తికెత్తుకున్నాడు. రెండు చేతులూ తట్టకే సరిపోయాయి. మెడ బిగుసుకుపోయింది. తన కాలివేళ్లు తప్ప ఏమీ కనబడలేదు. అలాగే గుమ్మం దాకా వచ్చాడు.

"చదువు" అన్నాడు బాబా.

"తలెత్తితే తట్ట పడుతుంది బాబా."

"అయితే తిరిగొచ్చేటప్పుడు చదువు. అప్పుడు ఖాళీ తట్టేగా."

"తిరిగొచ్చేటప్పుడు దాని వీపు కనబడుద్దిలెండి" అంది అంకమ్మ.

గుంట దగ్గర తట్ట దించి, దస్తగిరి మెడ రుద్దుకున్నాడు. తర్వాత నిచ్చెన వేసి బోర్డు ఊడదీసి తెచ్చాడు.

"ఎక్కడ కట్టమంటారు బాబా?"

"నన్నడుగుతావేం? నేను తట్ట మొయ్యను."

దస్తగిరి అంకమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. రేపటినుంచి దాని ముందు పనిచేసేది నువ్వేగా."

గుంటకు ఇవతల ఉన్న పందిరి గుంజ చూపించిందామె. "తట్ట దించి అందరం ఈడే ఊపిరి పీల్చుకుంటాం."

ఆమె కళ్ల ఎత్తు చూసుకుని కట్టాడు దస్తగిరి. పక్కనే మేకు కొట్టి, కళ్లకు కట్టుకునే గుడ్డలు తగిలించాడు.

మీ దగ్గరా ఒక బోర్డు ఉండే ఉంటుంది. రేపు పనిలోకి పోగానే దాన్ని దించండి. ఎక్కడ పెట్టాలో బరువు మోసేవాళ్లను అడగండి. వాళ్లు వేలు పెట్టి చూపించిన చోటే కట్టండి.