తిప్పని ముక్క

నీ తప్పు ఇదీ అని ఎవరైనా ఒక్కరు చెబితే చాలు, ప్రద్యుమ్న ప్రాణం కుదుటపడేలా ఉంది. అందుకే పొద్దున్నే పణజీలో పరాంకుశం మాష్టారి ఇంటికి వచ్చాడు.

మాష్టారిది కాకినాడ. వయసులో ఉండగా గోవా చేరి, పోకర్ అనే పేకాట ఆడుతూనే ఇల్లు కట్టుకుని, పిల్లల్ని చదివించి, జుట్టు నెరిశాక ఆట మానేశారు. ఇప్పుడు తనకు నచ్చినవాళ్ళకు నేర్పుతారు. ప్రద్యుమ్న బ్యాంకు ఉద్యోగం వదులుకుని మరీ ఆయన దగ్గర చేరాడు. కొన్నేళ్ళుగా ఆ ఆటే అతనికి తిండి పెడుతోంది.

నిన్నటి పెద్ద పోటీలో చివరికి ఇద్దరే మిగిలారు. ప్రద్యుమ్నా, ఒక పాలరాళ్ళ వ్యాపారీ. వ్యాపారి సరదాకి ఆడే మనిషి. ప్రద్యుమ్న చేతిలో రెండు ఆసులు. వ్యాపారి చేతిలో రెండు తొమ్మిదులు. బల్ల మీద నాలుగు ముక్కలు పడ్డా అవి ఎవరికీ కలిసిరాలేదు. ప్రద్యుమ్న తన ముందున్న పందెం బిళ్ళలన్నీ నెట్టేశాడు. వ్యాపారి కూడా సరే అన్నాడు. ఇంకొక్క ముక్క పడాలి. అది తొమ్మిది కాకపోతే ప్రద్యుమ్నదే గెలుపు.

పడింది. తొమ్మిది.

అప్పటినుంచీ కనబడ్డవాళ్ళందరికీ ఇదే కథ. టాక్సీ డ్రైవరుకు చెప్పాడు. ఫోన్లో భార్య లాస్యకు రెండుసార్లు చెప్పాడు. ఇప్పుడు మాష్టారికి చెప్పాడు.

"ఇంక నావల్ల కాదండీ. గుంటూరులో మా బావగారు మిర్చి కోల్డ్ స్టోరేజీ చూసుకోమంటున్నారు. వెళ్ళిపోతాను. ఒక్కటి చెప్పండి చాలు. ఎక్కడ పొరపాటు చేశాను?"

మాష్టారు సొరుగులోంచి పాత పేక తీసుకొచ్చారు. ఆసులు అతని ముందు, తొమ్మిదులు తన ముందు పరిచారు. మధ్యలో నిన్న పడ్డ నాలుగు ముక్కలూ అడిగి మరీ పెట్టారు. మిగతా పేక బాగా కలిపారు.

"ఇప్పుడు చెప్పు. ఉన్నదంతా పెడతావా?"

"పెడతాను."

"నిన్న దెబ్బ తిన్నావు. ఆలోచించుకో అబ్బాయ్."

"ఆలోచించేదేముందండీ? పేకలో ఇంకా రెండే తొమ్మిదులున్నాయి. ఎన్నిసార్లు అడిగినా పెడతాను."

మాష్టారు పైముక్క తీసి బల్ల మీద బోర్లా పెట్టారు. ప్రద్యుమ్న చెయ్యి చటుక్కున దాని మీదికి వెళ్ళింది. అంతకన్నా ముందే మాష్టారు తన కాఫీ గ్లాసు ఆ ముక్క మీద పెట్టేశారు.

"బాగా ఆడావు," అన్నారు. "ఇక అట్టు తిందువుగాని."

వంటింట్లోంచి పెసరట్టు వేసుకొచ్చి అతని ముందు పెట్టారు. ప్రద్యుమ్న చూపంతా గ్లాసు మీదే ఉంది.

"ఒక్కసారి చూడనివ్వండి."

"ఎందుకూ?"

"గెలిచానో లేదో తెలియాలి కదా!"

"నువ్వు ఆడాల్సింది ఇంకేమైనా మిగిలిందా?"

ప్రద్యుమ్న ఊరికే అట్టు తుంపి నోట్లో పెట్టుకున్నాడు. అల్లం పచ్చడి ఘాటు ముక్కుకెక్కి కళ్ళ నీళ్ళు తిరిగాయి. నిన్న మధ్యాహ్నం నుంచీ తను ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అట్టు అయిపోయింది. మాష్టారు ఇంకోటి వేశారు. అదీ అయిపోయింది.

అప్పుడు మాష్టారు గ్లాసు పక్కకు జరిపి, ఆ ముక్కను బోర్లాగానే ఎత్తి పేకలో దూర్చి, మిగతావాటితో కలిపేశారు.

"అయ్యో!" అన్నాడు ప్రద్యుమ్న. "అదేం ముక్కండీ?"

"నాకేం తెలుసు? నేను మాత్రం చూశానా?"

పేక సొరుగులో పెట్టేసి ఆయన వంటింట్లోకి వెళ్ళిపోయారు. పెనం మీద పిండి చుయ్యిమంది. కిటికీలోంచి మాండవి నది మీద ఎండ తళతళలాడుతూ కనిపిస్తోంది. ప్రద్యుమ్న ఖాళీ ప్లేటు తీసి పక్కన పెట్టాడు.

ఫోన్ మోగింది. లాస్య.

"అన్నయ్య అడుగుతున్నాడు, ఎప్పుడొస్తారని. ఏం చెప్పను?"

"రాలేనన్నానని చెప్పు. మంచి మాటగానే చెప్పు."

"మాష్టారిని అడిగారా? ఏం తప్పు చేశారట?"

"బాగా ఆడానన్నారు."

"మరి ఓడిపోయారుగా?"

ఆసుల సంగతి ఎత్తలేదు అతను. తొమ్మిది సంగతీ ఎత్తలేదు.

"అవును," అన్నాడు నవ్వుతూ. "ఓడిపోయాను."