తోడేలుగారి సిద్ధాంత గ్రంథం

నల్లకొండ అడవిలో ఒక విశ్వవిద్యాలయం ఉంది. అందులో న్యాయశాస్త్రానికీ తత్వశాస్త్రానికీ కలిపి ఒకటే గది, ఒకటే బల్ల, ఒకటే ఆచార్యుడి కుర్చీ. ఆ కుర్చీ పదకొండేళ్ళుగా ఖాళీ. పాఠాలు మాత్రం ఆగలేదు. గంగన్న అనే ఎద్దు చెబుతూనే ఉన్నాడు. గానుగ చుట్టూ తిరిగే రోజుల్లో ఆలోచించడం తప్ప వేరే పని లేక తత్వం వంటబట్టించుకున్నవాడాయన. అయితే ఆయనది టెంపరరీ ఉద్యోగం. ఆర్నెల్లకోసారి రిజిస్ట్రారు జగ్గారాయుడు సంతకం పెడితే ఉంటాడు, పెట్టకపోతే మళ్ళీ గానుగకే. జగ్గారాయుడు నక్క అని వేరే చెప్పాలా?

ఈ జగ్గారాయుడికి వీర్రాజని ఓ ఇల్లరికపుటల్లుడు, తోడేలు. నక్క పిల్లని తోడేలుకెలా ఇచ్చారని నన్నడక్కండి, ఎవరి సంబంధాలు వాళ్ళవి. అల్లుడు రోజుకి నాలుగు పూటలు తింటాడు, మధ్యలో పడుకుంటాడు. ఆచార్యుడికి క్వార్టర్సు ఇస్తారు గదా, ఆ కుర్చీ వీడికి ఇప్పిస్తే ఇంట్లో పీడ విరగడవుతుందని మావగారి ఆశ. నోటిఫికేషన్ వేయించాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు గది తలుపుకి అల్లుడి పేరు పలక కూడా కొట్టించాడు.

అంతా బాగానే ఉంది గానీ, దరఖాస్తుతో పాటు సొంతంగా రాసిన సిద్ధాంత గ్రంథం ఒకటి పెట్టాలి. వీర్రాజు జన్మలో కలం పట్టినవాడు కాదు. జగ్గారాయుడు గంగన్నని పిలిపించాడు.

"నీ ఆర్నెల్ల కాగితం నా బల్ల మీదే ఉంది గంగన్నా. మావాడికో గ్రంథం రాసిపెట్టు. బరువుగా ఉండాలి, అంతే."

గంగన్న కళ్ళముందు గానుగ తిరిగింది. తలొంచుకుని మూడు నెలలు కూర్చుని, రోజూ క్లాసులో చెప్పేదే పూసగుచ్చినట్టు రాశాడు. ఇచ్చేటప్పుడు, ఒక్కసారి చదివి చూసుకోండయ్యా అన్నాడు కూడా. జగ్గారాయుడు దాన్ని చేత్తో ఎత్తి చూసుకుని, ఇది చదవడానికి కాదయ్యా, దరఖాస్తుకి జత చేయడానికి అని నవ్వాడు. గంగన్న కూడా, గ్రంథం జత లేకుండానే, సిగ్గుపడుతూ తన పేరున ఓ దరఖాస్తు పడేశాడు.

ఇక మిగిలింది బయటి నిపుణుల సంగతి. రూలు ప్రకారం ఒకరు ఉండాలి. జగ్గారాయుడు బాగా ఆలోచించి ఏటి అవతలి తాబేలు కూర్మమ్మని పిలిచాడు. ఆవిడ వచ్చేసరికి వీర్రాజు ఉద్యోగంలో చేరి మొదటి సెలవు కూడా పెట్టేస్తాడని ధీమా. రూలు కోసం గ్రంథం కూడా పంపాడు. కూర్మమ్మ ఉత్తరం అందిన రోజే బయల్దేరింది. అడుగుకో విరామం, విరామానికో పేజీ. నలభై రోజుల దారిలో ఆ గ్రంథాన్ని రెండుసార్లు చదివేసింది.

ఇంటర్వ్యూ రోజున వైస్ ఛాన్సలరు ఏనుగు మధ్యలో, జగ్గారాయుడు ఆయన పక్కన కూర్చున్నారు. నిపుణురాలు గైర్హాజరు అని జగ్గారాయుడు రాస్తుండగా కూర్మమ్మ ఆయాసపడుతూ గడప దాటింది. అయినా ఆయన బెదరలేదు. అల్లుడికి ఒక్క వాక్యం బట్టీ పట్టించి ఉంచాడు మరి.

కూర్మమ్మ నెమ్మదిగా అడిగింది. "వీర్రాజుగారూ, తీర్పు చెప్పేవాడు పోటీదారుకి బంధువైతే ఆ తీర్పు చెల్లదని ఏడో అధ్యాయంలో రాశారు. ఆ మాట మీద నిలబడతారా?"

వీర్రాజు రొమ్ము విరిచాడు. "నా గ్రంథంలో ప్రతి మాట మీదా నిలబడతానండీ."

"మంచిది బాబూ. మరి ఈ గదిలో మీ బంధువులెవరైనా ఉన్నారా?"

"అయ్యో, మా మావయ్యగారే గదండీ, అదిగో, ఏనుగుగారి పక్కన."

పుస్తకంలో మాట వేరు, లోకం వేరు అని గొణిగాడు జగ్గారాయుడు. ఆ మాట తప్పయితే గ్రంథం తప్పు, గ్రంథం తప్పయితే మీ అల్లుడికి అర్హత లేదు, ఒప్పయితే మీరు లేవాలి, ఏదో ఒకటి తేల్చమంది కూర్మమ్మ. అడకత్తెరలో పోకచెక్కలా కాసేపు నలిగి, జగ్గారాయుడు లేచి బయటికి నడిచాడు.

అప్పుడు కూర్మమ్మ, ఆ తీర్పు ఎందుకు చెల్లదో రెండు ముక్కల్లో చెప్పమంది. వీర్రాజు మావగారు వెళ్ళిన గుమ్మం వైపు చూసి బుర్ర గోక్కున్నాడు.

"అది రాసినాయన బయటే కూర్చున్నాడండీ. పిలుస్తానుండండి."

గంగన్న వచ్చాడు. అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. ఏనుగు మెచ్చుకోబోతే కూర్మమ్మ ఆపింది.

"రాసిచ్చినవాడి తప్పు లేదా గంగన్నా?"

"ఉందమ్మా. గానుగంటే భయంతో రాశాను. రాసిన ప్రతి రాత్రీ నా మీద నాకే అసహ్యం వేసింది."

"అయితే కుర్చీలో కూర్చున్నాక ఎనిమిదో అధ్యాయం రాయి. భయపడి రాసిచ్చేవాడి తప్పెంతో అందులో తేల్చు. ఈసారి నీ పేరు పెట్టుకో."

గంగన్న కళ్ళు తుడుచుకున్నాడు. ఏనుగు ఆ గ్రంథాన్ని గంగన్న దరఖాస్తుకి జత చేయించి, ఆ పూటే పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాడు, జగ్గారాయుడి సంగతి విచారించమని ఆర్డరూ వేశాడు.

జగ్గారాయుడు ఇల్లు చేరేసరికి అల్లుడు అప్పటికే పీట వాల్చుకుని కూర్చున్నాడు. నేను మాట మీద నిలబడ్డాను గదా మావయ్యగారూ, మరి ఉద్యోగం ఎప్పుడిస్తారట అని అడిగి, కూర ఇంకాస్త వడ్డించమన్నాడు.

చదవని పుస్తకాన్ని సాక్ష్యానికి పిలిస్తే అది నిజమే చెబుతుంది.