గొడుగు తర్వాత ఏనుగు

ఈ వృత్తాంతం నేమాని విశ్వపతిగారి నోట వెలువడిన నాడు ఆయన ఎదుట ఉన్నది శిష్యురాలు హరిణి ఒక్కతే. ఆమె దీన్ని ఆరేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయిన ఏడాదికి కాకినాడలో సంస్మరణ సభ జరిగింది. వక్తలందరూ ఆయన ఓర్పును వరుసగా పొగుడుతుంటే ఆమె లేచి, "ఆయనకు కోపం కూడా ఉండేది. అదీ మీకు తెలియాలి" అని మొదలుపెట్టి చెప్పింది. ఆ సభలో ఉన్నవారు చెప్పగా రాసుకుని, తరువాత హరిణికే చదివి వినిపించి సరిచూసుకున్నది ఇది.

విశ్వపతిగారు ఇంగ్లీషు ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాలలో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు. కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గించడం ఆయన అలవాటు. హరిణి ఒక పరదేశపు పల్లెలో నాలుగు వారాలు స్వచ్ఛందంగా ఇంగ్లీషు చెప్పడానికి వెళుతూ, ఆయన సిఫారసు ఉత్తరం కోసం వచ్చింది.

"సార్, ఏమీ తెలియని పిల్లలకు పాఠం ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడిగింది.

ఆయన గొంతు తగ్గింది. "నీకంటే ముందు ఇదే కుర్చీలో కూర్చుని ఇదే మాట అడిగిన సుదక్షిణ సంగతి చెబుతాను, విను."

సుదక్షిణ నేపాల్ కొండల్లో ఒక పల్లె బడికి మూడు వారాల కోసం వెళ్ళింది. పంపిన సంస్థవారి బొమ్మల కార్డుల పెట్టె ఆ బడి బీరువాలోనే ఉంది. చిన్నాపెద్దా పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, రోజుకు రెండు కార్డులు చూపించాలి. మొదటి రోజు ఆపిల్ బొమ్మ ఎత్తితే నలభైమందీ బిక్కమొహాలు వేశారు. పేరు చెప్పగానే గది అదిరేలా అరిచారు. ఇంత చురుకైన పిల్లలు లోకంలో ఉండరనుకుంది సుదక్షిణ. సంబరంలో ఆ పూట ఆకలి కూడా మరిచిపోయింది.

ఎనిమిదో రోజున గొడుగు బొమ్మ చూపించింది. తరువాతి కార్డు ఆమె అంతవరకు ఒక్కసారీ చూపలేదు, ఇంకా తిప్పనూ లేదు. ముందు వరుసలోని చిట్టిపాప ఉత్సాహం ఆపుకోలేక "ఎలిఫెంట్!" అనేసింది. పక్కనున్న అక్క దాని తొడ గట్టిగా గిల్లింది. సుదక్షిణ కార్డు తిప్పింది. ఏనుగే.

గంట కొట్టాక, వెనక వరుసలో కూర్చునే పదిహేడేళ్ళ ఫూల్‌మాయాను ఆపి, ఏనుగని ముందే ఎలా తెలిసిందని ఒక్కొక్క మాటే విడదీసి ఇంగ్లీషులో అడిగింది. ఆ పిల్ల ఎక్కడా తడబడకుండా ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది.

"పెట్టెలో ముప్ఫై ఆరు కార్డులు, మిస్. గొడుగు తర్వాత ఏనుగు. ఏనుగు తర్వాత పడవ. మీరు పదకొండోవారు."

"మరి తెలియనట్టు ఎందుకున్నారు?"

"మొదట వచ్చినాయనకు తెలుసనే చెప్పాం. ఆయన మొహం మాడిపోయింది. నాలుగో రోజుకే వెళ్ళిపోయారు. బడికి పైకప్పు వేయిస్తామన్న సంస్థవాళ్ళు ఆపేశారు. అప్పటినుంచి, అతిథి వచ్చే ముందు హెడ్మాస్టరుగారు మమ్మల్ని కూర్చోబెట్టి మరిచిపోవడం నేర్పిస్తారు. చిన్నదానికి ఇంకా అలవాటు కాలేదు. ఏమీ అనుకోకండి."

ఆ పిల్లలకు ఇంగ్లీషు నేర్పింది ఊరి ఉపాధ్యాయిని దిల్‌కుమారి. అతిథులున్నన్నాళ్ళూ ఆమె గంట అతిథులదే. ఆమె వంటగదిలో టీ కాస్తుంది. సుదక్షిణ అక్కడికి పరుగెత్తింది.

దిల్‌కుమారి గ్లాసు అందిస్తూ, తమ భాషలో చెల్లీ అని పిలిచినట్టుగా, "తాగు బహినీ. పదకొండుమందికి కాచాను, చెయ్యి బాగా తిరిగింది" అంది. నవ్వలేదు. తరువాత పొయ్యి వంక చూస్తూ అసలు మాట చెప్పింది. పట్నంలో నర్సు చదువుకు ఫూల్‌మాయా ప్రవేశ పరీక్ష రాయాలి. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులోనే. ఉన్నది పదిహేను రోజులు, సైన్సులో సగం మిగిలే ఉంది. బడి విడిచాక ఆ పిల్ల గడ్డికీ నీళ్ళకూ పోవాలి. చదువు చెప్పించుకోవడానికి చిక్కేది ఈ ఒక్క గంటే.

"నువ్వు నీ గదిలో పడుకో. పుస్తకం చదువుకో. నా గంట నాకు వదిలెయ్. ఎవరికీ చెప్పం."

సుదక్షిణకు హెడ్మాస్టరు మీద, సంస్థ మీద, ఆఖరికి ఆ చిట్టిపాప మీద కూడా కోపం వచ్చింది. కానీ సంస్థ ఇచ్చే ధ్రువపత్రానికి పూర్తి గంటలు కావాలి. చివరి శుక్రవారం ఫొటోలు తీయడానికి సంస్థవారు వస్తారు. ఆ పత్రం మీదే ఆమె పైచదువు ఆధారపడి ఉంది.

"ఇంకో రెండు వారాలే కదా, అక్కా" అంది.

దిల్‌కుమారి ఆమె చేతిలోంచి గ్లాసు వెనక్కి తీసుకుంది.

మరునాడు సుదక్షిణ పడవ బొమ్మ చూపించింది. అన్నీ తెలిసే చూపించింది. వెనక వరుసలోంచి ఫూల్‌మాయా ఆమె కళ్ళలోకి సూటిగా చూస్తూ, అందరికంటే బిగ్గరగా "బోట్!" అంది. ఆ రెండు వారాలూ, ఏ బొమ్మ ఎత్తినా, అలాగే అంది.

విశ్వపతిగారు ఇంతవరకు చెప్పి ఊరుకున్నారు.

"ఆ తరువాత, సార్?"

"ఆ పిల్ల పరీక్ష తప్పింది. రెండోసారి రాయడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆ పట్నం ఆసుపత్రిలోనే గచ్చు కడుగుతోంది. మందు సీసాల మీద ఏముందో రోగులకు చదివి చెబుతోందట. దిల్‌కుమారి ఆ బడి మానేసి, కొండ అవతల ఇంకో బడిలో చేరింది. హెడ్మాస్టరుగారి బడికి పైకప్పు వచ్చింది. చిట్టిపాప మరిచిపోవడం నేర్చుకుంది. సుదక్షిణకు పెద్ద విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఇదంతా ఆమే ఇక్కడ కూర్చుని ఏడుస్తూ చెప్పింది. ఆ ఏడుపు నాకెందుకమ్మా? నేను చేసిందల్లా సిఫారసు రాయడం. ఆ పల్లెకూ, ఆ విశ్వవిద్యాలయానికీ, రెండుసార్లూ నేనే రాశాను."

హరిణి, "అయితే నన్ను వెళ్ళవద్దంటారా, సార్?" అంది.

ఆయన కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశారు.

"రాస్తాను. నువ్వు వెళ్ళే ఊళ్ళో ఇవాళ ఇంగ్లీషు చెబుతున్న టీచరు పేరు చెప్పు."