వేళ్ళతో ఊరిని దగ్గరికి లాగినవాళ్ళం

మా ఇంటిపేరు చెబితే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నవ్వుతారు. ఇంత తెలివైన కుటుంబాన్ని తలుచుకుంటే ఎవరికైనా సంతోషమే కదా అని మేమూ నవ్వుతాం. అందరిలోకీ మా పేరయ్య బాబాయికి తెలివి ఎక్కువ. ఆయన తర్వాత నేనే. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరూ చెప్పరు.

మా తమ్ముడు ఏడుకొండలుకి మేడపిలో పెళ్ళిచూపులు. అప్పటికే వచ్చిన సంబంధాలన్నీ మా తెలివి చూసి తప్పుకున్నాయి, మిగిలింది ఇదొక్కటే. పొద్దున దుర్ముహూర్తం రాకముందే చూపులు అయిపోవాలనీ, ఆలస్యమైతే మధ్యాహ్నం వచ్చేవాళ్ళకి మాటిచ్చేస్తాననీ పిల్ల తండ్రి ముందే చెప్పాడు. తమ్ముడు తెల్లారకముందే తలకి నూనె పెట్టుకుని కూర్చున్నాడు.

నేను ఫోనులో దారి చూశాను. మా ఊరికీ మేడపికీ మధ్య నా చిటికెనవేలి గోరంత దూరం. ఈ మాత్రానికి తొందరెందుకని బాబాయి రెండోసారి ఉప్మా పెట్టించుకున్నాడు. ఆయన ఒక్కడే తింటుంటే చూడలేక నేనూ పెట్టించుకున్నాను.

తీరా కారు కదిలాక, మొదటి మలుపులోనే ఫోనులో బొమ్మ దానంతటదే పెద్దదైపోయింది. రోడ్డు అరచెయ్యంత అయింది. మేడపి కనబడకుండా పోయింది.

"ఇందాక ఇక్కడే ఉంది కదన్నా," అన్నాడు తమ్ముడు ఏడుపు గొంతుతో.

మనం వస్తున్నామని తెలిసి ఊరు వెనక్కి జరిగిందని బాబాయి తేల్చాడు. నా భార్య నాగరత్నం వెనకనుంచి వంగి, రెండు వేళ్ళు ఆనించి బొమ్మని దగ్గరికి నొక్కింది. అంతే, మేడపి మళ్ళీ గోరంత దూరానికి వచ్చి నిలబడింది.

ఇంకేముంది, ఆవిణ్ణి ముందు సీట్లోకి మార్చాం. నేను తోలడం, ఫోను ఊరిని దూరం చెయ్యడం, ఆవిడ దగ్గరికి లాగడం. అలా చాలాదూరం పోయాక బాబాయికి ఇంకో ఆలోచన తట్టింది. వేళ్ళతో అయ్యే పనికి పెట్రోలు తగలెయ్యడమెందుకన్నాడు. నిజమే అనిపించింది నాకు. నాకు నిజమే అనిపించింది ఏదీ ఇంతవరకూ నిజం కాలేదు, ఆ సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు. కారు ఒక మిరపకల్లం పక్కన ఆపేశాను.

అందరం వంతులవారీగా నొక్కాం. జిల్లా వచ్చింది, రాష్ట్రం వచ్చింది, సముద్రం వచ్చింది. చివరికి భూమి మొత్తం గుమ్మడికాయంత అయింది. మా కారు గుర్తు కింద మా ఊరు, మేడపి, మద్రాసు అన్నీ కలిసి పడి ఉన్నాయి.

"వచ్చేశాం, దిగండి," అన్నాడు బాబాయి.

దిగాం. మర్యాదగా చెప్పులు విడిచి, పళ్ళ పళ్ళెం ముందు పెట్టుకుని, ఎండబోసిన మిరపకాయల మధ్య కూర్చున్నాం. కాఫీలు రాలేదు గానీ తుమ్ములొచ్చాయి.

దుర్ముహూర్తం ముంచుకొస్తుండగా ఫోను మోగింది. పెళ్ళికూతురు శేషుకుమారే, ఎక్కడున్నారని. మేము మీ ఇంట్లోనే కూర్చున్నాం, మీరే కనబడటం లేదన్నాను. చుట్టూ ఏముందంది. మిరపకాయలన్నాను.

"ఊరి చివర మా కల్లమండీ అది. కదలకండి," అంది.

స్కూటీ మీద దుమ్ము లేపుకుంటూ వచ్చేసింది. మా వాడు తుమ్ముతూ ఆ పిల్లని చూశాడు. ఆ పిల్ల తుమ్ముతూ వాణ్ణి చూసింది. ఇద్దరికీ కళ్ళల్లో నీళ్ళు. నచ్చాడంది. నచ్చిందన్నాడు. దుర్ముహూర్తం ఇంకా రాలేదు.

మరి మీ నాన్నగారు రాలేదేమమ్మా అని అడిగాం.

"ఎలా వస్తారండీ? మీరు బయల్దేరారని తెలిసినప్పటినుంచీ ఫోను మీద రెండు వేళ్ళూ బిగించి పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. వదిలేస్తే మా ఊరు మీకు మళ్ళీ దూరమైపోదూ?"

బాబాయి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఈ సంబంధం వదులుకుంటే మనంత తెలివితక్కువవాళ్ళు ఉండరన్నాడు. అక్కడికక్కడే ఖాయం చేసుకున్నాం.

పెళ్ళి వచ్చే నెల. ఆలోగా రెండూళ్ళూ ఎడం కాకుండా ఆ చివర వియ్యంకుడు, ఈ చివర మేము పట్టుకోవాలని ఒప్పందం. ఇవాళ నా వంతు. ఛార్జింగు అయిపోయి ఫోను ఎప్పుడో నల్లబడింది. అయినా నేను వేళ్ళు తియ్యలేదు.